అరికాలి నల్లమచ్చ – చిరుచేప చెప్పిన పాఠం

మేము పాఠాలు చెప్పే మదరసాకు సమీపంలో ఒక పెద్దాయన ఉండేవారు. ఆయన అరికాలిపై ఒక నల్లమచ్చ నానాటికీ విస్తరించసాగింది. వైద్యునికి చూపించమని మేము కోరినప్పుడు, "నడిచే కాళ్లకు ఆనెకాయలు రాకుండా ఉంటాయా, మౌల్వీ సాబ్!" అని నవ్వేశారు. ఏడాదిపాటు ఆకుపసరు కట్టుకున్నారు. గజ్జల్లో బిళ్లలు కట్టిన తరువాతే ఆసుపత్రికి వెళ్లారు. అది మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అని అక్కడ తేలింది. ఆయన నేడు మన మధ్య లేరు.

చర్మానికి రంగునిచ్చే కణాలు అదుపు తప్పి పెరగడమే మెలనోమా. చర్మ క్యాన్సర్లలో ఇది అరుదైనదే అయినా ఇతర అవయవాలకు త్వరగా పాకుతుంది కనుక మిక్కిలి ప్రమాదకరమైనది. ఈ గడ్డల్లో అనేకంటిలో బి-రాఫ్ అనే జన్యువు మార్పు చెంది ఉంటుందని 2002లో శాస్త్రవేత్తలు గుర్తించారు. అయితే ఏ హానీ చేయని సాధారణ పుట్టుమచ్చల్లోనూ అదే మార్పు ఉందని మరుసటి ఏడాదే వెల్లడైంది. మరి ఒక మచ్చ జీవితాంతం నిద్రాణంగా ఉండిపోగా, మరొకటి ప్రాణాంతకంగా ఎందుకు మారుతోంది?

ఈ ప్రశ్నకు జవాబు వెదకడంలో జీబ్రా చేప శాస్త్రవేత్తలకు తోడ్పడింది. ఇది మన ఉపఖండపు వాగుల్లో, వరిపొలాల నీటిలో తిరిగే, వేలెడంత కూడా లేని చేప. దీని ఒంటిపై నల్లని చారలను ఏర్పరచేవి మన చర్మంలో ఉన్నటువంటి రంగు కణాలే. మానవ జన్యువుల్లో దాదాపు 70 శాతానికి ఈ చేపలో సరిజోడు ఉందని 2013లో తేలింది. చర్మంపై కలిగే మార్పును కోత పెట్టకుండానే, బతికున్న చేపలోనే సూక్ష్మదర్శినితో రోజూ గమనించవచ్చు.

అమెరికాలోని బోస్టన్ నగరంలో లియొనార్డ్ జోన్ బృందం మార్పు చెందిన మానవ బి-రాఫ్ జన్యువును ఈ చేపల్లో ప్రవేశపెట్టి, ఫలితాలను 2005లో ప్రకటించింది. ఆ జన్యువు ఒక్కటే ఉన్న చేపలకు పుట్టుమచ్చల వంటివి మాత్రమే ఏర్పడ్డాయి. కణాల పెరుగుదలకు కళ్లెం వేసే పి-53 అనే జన్యువు కూడా లోపించినప్పుడు మెలనోమా వచ్చింది. అంతటితో ప్రశ్న తీరలేదు. ఈ రెండు లోపాలూ చేప ఒంటినిండా ఉన్నా, గడ్డ ఏ ఒకటి రెండు చోట్లనో మాత్రమే పుట్టేది.

అదే బృందం 2016లో మరో ముందడుగు వేసింది. పిండదశలో మాత్రమే పనిచేసి, ఆ తరువాత ఆగిపోయే క్రెస్టిన్ అనే జన్యువు మేల్కొంటే ఆ కణం ఆకుపచ్చగా వెలిగే ఏర్పాటు చేసింది. ఎదిగిన చేపలో ఎక్కడో ఒక్క కణం వెలిగేది. క్రమంగా అక్కడే గడ్డ పెరిగేది. అంటే జన్యులోపం ఉన్నంత మాత్రాన క్యాన్సర్ రాదు. ఎదిగిన కణం తిరిగి పిండదశ స్వభావాన్ని ధరించినప్పుడు అది మొదలవుతుంది.

మనకు మరింత దగ్గరి విషయం 2022లో బయటపడింది. మనవంటి ముదురు చర్మం గలవారికి మెలనోమా అరుదు. వచ్చినప్పుడు తరచుగా అరికాలిలో, అరచేతిలో, గోటి కింద వస్తుంది. దానికి ఎండ ప్రధాన కారణం కాదు. ఆ రకం గడ్డల్లో ఎక్కువగా కనిపించే సి-ఆర్-కె-ఎల్ అనే జన్యువును న్యూయార్క్‌లో రిచర్డ్ వైట్ బృందం చేపల రంగు కణాల్లో అధికంగా పనిచేయించింది. అప్పుడు గడ్డలు ప్రధానంగా రెక్కల్లోనే పుట్టాయి. మనకు కాళ్లూ చేతులూ ఎటువంటివో చేపకు రెక్కలు అటువంటివి. కణం ఏ చోట ఉన్నదనేది కూడా వ్యాధి గతిని నిర్ణయిస్తుందని దీనివల్ల తెలిసింది.

మన కంటికి ఆకుపచ్చని వెలుగు కనిపించదు. కానీ మచ్చ పెరగడం, అంచులు వంకరపోవడం, రంగు ఒకేలా లేకపోవడం, రక్తం కారడం, మానని పుండు, గోటిపై నల్లని చార వెడల్పు కావడం మనకు కనిపించే గుర్తులే. ప్రతి మచ్చా క్యాన్సర్ కాదు, భయపడనవసరం లేదు. అయితే మారుతున్న మచ్చను గోకడం, కాల్చడం, పసరు పూయడం తగదు. చర్మవైద్యునికి చూపించాలి. పాకకముందే కోసి తీసివేస్తే సాధారణంగా నయమవుతుంది.

వుజూలో రోజూ పాదాలు కడుగుకునే మనం అరికాలి వైపు ఒక్క క్షణం చూపు సారించడం కష్టమేమీ కాదు. ఇంట్లోని వృద్ధులు వంగి చూసుకోలేరు. వారి పాదాలను పిల్లలే చూడాలి. ఆ పెద్దాయన పాదాన్ని మేము చూశాము, కానీ చేయి పట్టుకుని ఆసుపత్రికి తీసుకువెళ్లలేకపోయాము. మీరు ఆ ఆలస్యం చేయకండి.