మెట్టతామర పాత సంకర రకాలు: జర్మన్ ప్రజనకుల కృషి, విత్తన దుంపల ఆరోగ్యం

కరీంనగర్ జిల్లా చొప్పదండి మండలంలో వరి, ప్రత్తి, మొక్కజొన్న, పసుపు పంటలపై విస్తరణ శాస్త్రవేత్తలకు ప్రతి కాలంలోనూ ప్రశ్నలు వస్తాయి. మెట్టతామరను గురించి ఎవరూ అడగరు. ఇళ్ల వెనుక జాలారు నీరు పారే చోట, బడి ఆవరణలలో, పట్టణ రహదారుల నడిమి పాదులలో అది ఎవరూ నాటనట్లే పెరుగుతుంది. ఎర్రది, పచ్చది అనే రెండు మాటలతో దాని వర్గీకరణ ముగుస్తుంది. అయితే పెద్ద పూలతో కనిపించే మెట్టతామర అడవి మొక్క కాదు. అది సుమారు నూట డెబ్భై సంవత్సరాల ప్రజనన కృషి ఫలితం. ఆ కృషిలో జర్మన్ ప్రజనకుల వాటా పెద్దది. ఆ రకాలలో అనేకం నేడు దుంప రూపంలో తప్ప మరే రూపంలోనూ నిలువలేవు. వాటి ఆరోగ్యం విస్తరణ రంగానికి సంబంధించిన విషయం కావడానికి కారణం ఇదే.

మెట్టతామర జన్మస్థానం అమెరికా ఖండపు ఉష్ణమండలం. లినేయస్ 1753లో దీనికి కన్నా ఇండికా అని నామకరణం చేసినప్పుడు 'ఇండికా' అన్న మాట వెస్టిండీస్‌ను సూచించినదే గాని భారతదేశాన్ని కాదు. కన్నేసీ కుటుంబంలో ఈ ప్రజాతి ఒక్కటే ఉన్నది. అరటి, అల్లం, పసుపు ఇదే క్రమానికి చెందినవి. మనం పూరేకులుగా భావించే రంగు భాగాలు నిజానికి రేకులుగా మారిన వంధ్య కేసరాలు. అసలు రేకులు సన్నగా, కురచగా వెనుక దాగి ఉంటాయి. పుప్పొడినిచ్చే కేసరం ఒక్కటే. అందులోనూ సగం రేకుగా మారి, మిగిలిన సగం మాత్రమే పరాగకోశాన్ని ధరిస్తుంది. మొగ్గ విచ్చుకోక ముందే పుప్పొడి చదునైన కీలంపై అంటుకుంటుంది. కనుక సంకరణ చేయదలచిన వారు ముందుగానే, మొగ్గ దశలోనే పరాగకోశాన్ని తొలగించాలి. విద్యార్థులు ప్రయోగశాలలో ఒక పువ్వును విప్పి చూస్తే ఈ నిర్మాణం సులభంగా బోధపడుతుంది.

సంకరణకు శ్రీకారం చుట్టినది ఫ్రాన్సు. దక్షిణ అమెరికాలో ఉద్యోగం ముగించుకొని వచ్చిన తియోడోర్ అన్నే 1840ల చివరి సంవత్సరాలలో పారిస్‌లో తొలి సంకరాలను పెంచాడు. అవి నిలువెత్తున పెరిగి, ఆకు అందానికే పేరు పొందినవి, పువ్వు చిన్నది. పొట్టి మొక్కపై పెద్ద పువ్వును సాధించినవాడు లియోన్ నగరానికి చెందిన క్రోజీ. ఆ రకాలను అతని పేరుతోనే క్రోజీ వర్గంగా వ్యవహరిస్తారు.

ఈ వర్గాన్ని తీర్చిదిద్దిన సంస్థ స్టుట్‌గార్ట్ నగరపు విల్హెల్మ్ ఫిట్సర్ నర్సరీ. ఎరుపు పువ్వుకు పసుపు అంచు గల 'కోనిగిన్ షార్లొటె', లేత పసుపు పూల 'రిచర్డ్ వాలెస్' అక్కడివే. నర్సరీ తరువాత సమీపంలోని ఫెల్‌బాఖ్‌కు మారింది. 'స్టాడ్ట్ ఫెల్‌బాఖ్' అన్న నారింజ రకానికి ఆ ఊరి పేరే పెట్టారు. మొక్క పొట్టిగా ఉండటం, పూగుత్తి ఆకుల పైకి స్పష్టంగా లేవడం ఫిట్సర్ రకాలలో కోరి సాధించిన గుణాలు. నేటి రహదారి పాదులకు కావలసినవీ అవే.

రెండవ మార్గాన్ని చూపినవాడు కార్ల్ లుడ్విగ్ స్ప్రెంగర్. 1846లో జర్మనీలోని గ్యూస్ట్రోలో జన్మించి ఇటలీలోని నేపుల్స్‌లో స్థిరపడిన ఈ ప్రజనకుడు, క్రోజీ వర్గపు రకాలను కన్నా ఫ్లాక్సిడా అనే పసుపు పూల జాతితో సంకరపరచాడు. అరచేయంత వెడల్పు, ఆర్కిడ్ పువ్వును తలపించే ఆకృతి గల ఇటాలియన్ వర్గం ఆ విధంగా ఏర్పడింది. రాగి రంగు ఆకులు, నారింజ ఎరుపు పూలు గల 'కింగ్ హంబర్ట్' అతని సృష్టియే. 1900లో హత్యకు గురైన ఇటలీ రాజు పేరు దానికి పెట్టబడినది. 1906లో వెసూవియస్ అగ్నిపర్వతం వెదజల్లిన బూడిద స్ప్రెంగర్ తోటను కప్పివేసింది. అయినా ఆయన రకాలు మిగలడానికి కారణం అప్పటికే వాటి దుంపలు ఇతరుల తోటలకు చేరి ఉండటమే.

అందానికి చెల్లించిన మూల్యం కూడా ఉన్నది. ఫ్లాక్సిడా నుండి వచ్చిన మృదువైన కణజాలం ఎండకు ఆగదు. నలభై డిగ్రీలు దాటే చొప్పదండి వేసవిలో ఇటాలియన్ వర్గపు పువ్వు మధ్యాహ్నానికే వాలిపోవచ్చు. క్రోజీ, ఫిట్సర్ రకాలు దానికంటె మేలు.

కన్నా జాతుల మూల క్రోమోజోముల సంఖ్య తొమ్మిది. ద్వయస్థితికాలలో 18, త్రయస్థితికాలలో 27 ఉంటాయి. లక్నోలోని జాతీయ వృక్షోద్యానంలో టి.ఎన్. ఖోషూ, ఆయన సహచరులు జరిపిన కణజన్యు అధ్యయనాలు తోట రకాలలో ద్వయస్థితికాలతో పాటు త్రయస్థితికాలు కూడా ఉన్నట్లు నిరూపించాయి. త్రయస్థితికం గింజ కట్టదు. ఉత్తర తెలంగాణ రైతుకు ఇది కొత్త సంగతి కాదు. పసుపు కూడా 63 క్రోమోజోములు గల త్రయస్థితికమే. అందుకే తరతరాలుగా దుంపలు, కొమ్ములతోనే నాటుతున్నారు. పసుపులో విత్తనపు దుంపను ఏరడానికి చూపే శ్రద్ధలో పదవ వంతు కూడా మెట్టతామరపై చూపరు. దానిని పారతో పెళ్లగించి పొరుగువారికి ఇవ్వడమే అలవాటు.

భారతదేశంలో ఈ రకాలకు ముఖ్య నిలయం కలకత్తా. విలియం కేరీ 1820లో స్థాపించిన అగ్రి హార్టికల్చరల్ సొసైటీకి చెందిన అలీపూర్ తోటలో పెర్సీ లాంకాస్టర్ కుటుంబం తరాల పర్యంతం మెట్టతామరపై పనిచేసింది. ఐరోపా రకాలను పెంచడమే గాక కొత్త సంకరాలనూ రూపొందించింది. దుంప చేతులు మారిన కొద్దీ పేరు రాలిపోయింది. కాబట్టి రంగును మాత్రమే చూసి ఒక మొక్కను ఫిట్సర్ రకమనో స్ప్రెంగర్ రకమనో తేల్చడం తొందరపాటే అవుతుంది.

పేరు పోవడం కన్నా తీవ్రమైన సమస్య వైరస్ తెగుళ్లు. ఈ శతాబ్దపు తొలి దశాబ్దంలో ఐరోపా, అమెరికా నర్సరీలలోని పాత రకాలు వీటి వలన పెద్ద ఎత్తున దెబ్బతిన్నాయి. పసుపు చారల వైరస్ పోటీవైరస్ వర్గానికి, పసుపు మచ్చల వైరస్ బాడ్నావైరస్ వర్గానికి చెందినవి. పోటీవైరస్‌లను పేనుబంక, బాడ్నావైరస్‌లను సాధారణంగా పిండినల్లి వ్యాప్తి చేస్తాయి. అయితే దూర ప్రాంతాలకు మోసుకుపోయేది పురుగు కాదు, మనిషి ఇచ్చిన దుంప. గింజ కట్టే మొక్కనైతే విత్తనంతో తిరిగి మొదలుపెట్టవచ్చు. త్రయస్థితిక రకానికి ఆ దారి మూసుకుపోయినట్లే.

క్షేత్రస్థాయిలో మూడు లక్షణాలు ఒకదానితో ఒకటి కలగాపులగమవుతున్నాయి. మొదటిది ఇనుప ధాతు లోపం. సున్నపు నేలలలో లేత ఆకుల ఈనెలు పచ్చగా ఉండి, మధ్య భాగం పాలిపోతుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం వ్యవధిలో రెండు మార్లు పిచికారీ చేస్తే ఆకు తేరుకుంటుంది. రెండవది రకపు సహజ లక్షణం. 'ప్రిటోరియా' లేదా 'బెంగాల్ టైగర్' పేరుతో అమ్మే రకంలో పసుపు గీతలు ఈనెల వెంట క్రమంగా, ప్రతి ఆకులోనూ, మొలక నుండే ఉంటాయి. మొక్క బలంగా పెరుగుతుంది. మూడవది వైరస్. ఇందులో ఈనెల వెంబడి పసుపు చారలు తెగి తెగి, ఒక ఆకులో ఎక్కువగా, మరొక ఆకులో తక్కువగా కనిపించి, క్రమేణా గోధుమ రంగుకు మారి ఎండుతాయి. పువ్వు రంగు చెదరుతుంది, పిలకలు గిడసబారుతాయి. అన్నభేది పిచికారీకి మార్పు రాకపోతే అనుమానం బలపడుతుంది. నిర్ధారణ మాత్రం ప్రయోగశాల పరీక్షతోనే.

పసుపు రైతులకు అలవాటైన దుంపశుద్ధి ఇక్కడ మోసపుచ్చవచ్చు. మాంకోజెబ్ వంటి శిలీంధ్రనాశకంలో ముంచడం దుంపకుళ్లును అరికట్టడానికి. వైరస్‌పై దాని ప్రభావం శూన్యం. వైరస్ సోకిన దుబ్బును వేళ్లతో సహా తీసి కాల్చివేయాలి. దుంపలు కోసే కత్తిని ప్రతి దుబ్బుకూ మధ్య ఒక పాలు బ్లీచ్, తొమ్మిది పాళ్ల నీరు కలిపిన ద్రావణంలో ముంచాలి. దోస మొజాయిక్ వైరస్ మెట్టతామరను, అరటిని రెండింటినీ ఆశించగలదు గనుక అరటి తోట గట్లపై మెట్టతామర నాటడం తగదు. విలువైన పాత రకం పూర్తిగా సోకిపోయిన పక్షంలో అగ్రకణజాల వర్ధనం ఒక్కటే మిగిలిన ఉపాయం. అది ఖర్చుతో కూడినది. కనుక ఏ రకానికి చేయాలో ముందే ఎంచుకోవాలి.

మురుగునీటి శుద్ధి మడుగులలో మెట్టతామర వినియోగం పెరుగుతున్నది. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు కూడా దీనిని పరీక్షించారు. అటువంటి మడుగులకు గింజ కట్టే సాధారణ జాతియే చాలును. అక్కడ దట్టంగా పెరిగిన దుంపలను తవ్వి తోటలకు పంచే ధోరణిని మాత్రం ప్రోత్సహించరాదు. నాటవలసిన దుంపలను పూత కాలంలోనే, ఆకు శుభ్రంగా ఉన్న దుబ్బులకు గుర్తు కట్టి ఎంచుకోవాలి. రెండు మూడు కళ్లున్న ముక్కలను తొలకరి వానలతో, పొట్టి రకాలైతే 45 సెంటీమీటర్లు, ఎత్తు రకాలైతే 60 సెంటీమీటర్లు ఎడంగా నాటాలి. గుర్తు కట్టేటప్పుడే ఆకు రంగు, మొక్క ఎత్తు, గింజ కట్టినదీ లేనిదీ, దుంప ఎక్కడి నుండి వచ్చినదీ ఒక పుస్తకంలో నమోదు చేయాలి.