ఏజెన్సీ బడిలో తెలివైనవాళ్లెవరు?

మీ క్లాసులో తెలివైన పిల్లలెవరని ఏ సారును అడిగినా తడుముకోకుండా ముగ్గురు నలుగురి పేర్లు చెబుతారు. మార్కులు బాగా వచ్చేవాళ్లు, నోట్సు శుభ్రంగా రాసేవాళ్లు, అడగ్గానే చెయ్యెత్తేవాళ్లు. వాళ్లు తెలివైనవాళ్లు కారని ఎవరూ అనరు. చిక్కల్లా ఆ వరుసలోకి రాని పిల్లలతోనే. భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి అంచున ఉన్న ఊళ్లలో అలాంటివాళ్లు ఎక్కువేనని నా అనుమానం.

అక్కడ చాలా ఇళ్లలో మాట్లాడేది కోయ. గోండికి దగ్గరి ద్రావిడ భాషే అయినా ఒకటో తరగతిలో కూర్చున్న పిల్లకు టీచరు తెలుగు సగం పరాయిదే. జవాబు తెలిసినా నోరు మెదపదు. ఆ మౌనం చూసి ‘ఈ పిల్లకు చదువు ఎక్కదు’ అనేస్తాం. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోయ సహా ఎనిమిది గిరిజన భాషల్లో బోధన మొదలుపెట్టింది ఈ ఇబ్బంది తెలిసే.

తునికాకు సంగతి చూడండి. యాభై ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. ఎండాకాలం కల్లం దగ్గర తల్లి పక్కన నిలబడ్డ పిల్ల ఇవాళ ఎన్ని కట్టలయ్యాయో, ఎంత డబ్బు రావాలో నోటిలెక్కతో చెప్పేయగలదు. బడి తెరిచాక అదే పిల్ల, ‘ఒక వ్యాపారి పన్నెండు డజన్ల నారింజలు కొని...’ అన్న లెక్క ముందు బిక్కమొహం వేస్తుంది. అడ్డొచ్చింది గుణకారం కాదు, దాని చుట్టూ ఉన్న తెలుగు. అదే లెక్క కట్టల్లో అడిగి చూస్తే గానీ ఈ సంగతి బయటపడదు.

ప్రతిభ అంటే తెలివితేటలొక్కటే కాదని అమెరికా విద్యావేత్త జోసెఫ్ రెంజుల్లి 1978లో రాశాడు. సగటు కంటే మించిన సామర్థ్యం, పట్టిన పని వదలని పట్టుదల, కొత్తగా ఆలోచించే గుణం, ఈ మూడూ కలిసినచోట దాన్ని వెతకమన్నాడు. మన పరీక్షలు మొదటిదాన్ని కొంత కొలుస్తాయి, మిగతా రెండింటి జోలికే పోవు.

ఉదాహరణకు, చర్ల మండలం నుంచి వచ్చిన సాధనపల్లి ఆనంద్ కుమార్ అన్నపురెడ్డిపల్లి సాంఘిక సంక్షేమ గురుకులంలో తొమ్మిదో తరగతి చదివేవాడు. అప్పట్లో గురుకులాల కార్యదర్శిగా ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ హయాంలో పిల్లలను భువనగిరి గుట్ట మీద బండలెక్కించి చూశారు. వాళ్లలో కొందరు డార్జిలింగ్ శిక్షణకు వెళ్లారు. చివరికి మిగిలింది ఇద్దరు, నిజామాబాద్ జిల్లా మాలావత్ పూర్ణ, ఈ ఆనంద్. 2014 మే 25న ఇద్దరూ టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కారు. ఆ గుట్ట దగ్గరికి తీసుకెళ్లకపోయి ఉంటే వాళ్లలో ఆ సత్తా ఉందని ఏ ప్రోగ్రెస్ కార్డు చెప్పేది?

పేర్లు సూచించే పని టీచర్లు, తల్లిదండ్రుల మీదే వదిలేస్తే ఏమవుతుందో డేవిడ్ కార్డ్, లారా గియులియానో అనే ఆర్థికవేత్తలు 2016లో చూపించారు. ఫ్లోరిడాలోని ఒక పెద్ద జిల్లాలో టీచర్లు, తల్లిదండ్రులు చెప్పినవాళ్లకే కాకుండా రెండో తరగతి పిల్లలందరికీ పరీక్ష పెట్టారు. ప్రతిభావంతుల్లో పేద, నల్లజాతి, హిస్పానిక్ పిల్లల సంఖ్య బాగా పెరిగింది. టీచర్లకు చెడు ఉద్దేశం ఉండనక్కర్లేదు, చూపు అలవాటైన చోటికే పోతుంది.

మన దగ్గర దీనికి పైసా ఖర్చులేని దారి ఒకటుంది. నవోదయ విద్యాలయాల ఆరో తరగతి ప్రవేశ పరీక్షలో సగం మార్కులు బొమ్మల ప్రశ్నలకే. తెలుగు బాగా రాకపోయినా ఆలోచించగల పిల్ల అక్కడ బయటపడుతుంది. దరఖాస్తుకు ఫీజు లేదు. ‘వచ్చేలా ఉన్న’ ఇద్దరి చేతే కాకుండా అర్హత ఉన్న అయిదో తరగతి పిల్లలందరి చేతా దరఖాస్తు చేయించాలి. సీటు రాకపోయినా పాత ప్రశ్నపత్రంలోని బొమ్మలు క్లాసులో ఇచ్చి చూస్తే టీచరు జాబితా తప్పకుండా మారుతుంది.

గుర్తించాక ఏం చేస్తాం? ‘తెలివైనవాడికి మన సాయమెందుకు, వాడే పైకొస్తాడు’ అంటాం. లెక్క ముందే చేసేస్తే అలాంటివే మరో పది ఇస్తాం, లేదా లీడర్‌ని చేసి గొడవ చేసేవాళ్ల పేర్లు బోర్డు మీద రాయిస్తాం. వాడికి కావలసింది ఇంకో పది లెక్కలు కాదు, ఇంకాస్త కష్టమైన లెక్క ఒక్కటి. అది దొరక్కపోతే విసుగొచ్చి అల్లరి చేస్తాడు, అప్పుడు మనకు అల్లరే కనిపిస్తుంది. లెక్కల్లో రెండేళ్లు ముందున్న పిల్ల రాతలో ఏడాది వెనకబడి ఉండొచ్చు కూడా, ఈ రెండోది చూసి మొదటిదాన్ని కొట్టేస్తాం.

2020 జాతీయ విద్యావిధానం ప్రతిభావంతుల బోధనను బీఎడ్‌లో ప్రత్యేకాంశంగా పెట్టవచ్చంది. అది గూడెం బడి దాకా వచ్చేసరికి చాలా కాలం పడుతుంది. ఈలోగా ఏకోపాధ్యాయ పాఠశాలలో, లోటు అనుకునే చోటే, ఒక వెసులుబాటు ఉంది. అయిదు తరగతులూ ఒకే గదిలో కూర్చుంటాయి కాబట్టి మూడో తరగతి పిల్లను లెక్కల వేళకు అయిదో తరగతి వాళ్ల పక్కన కూర్చోబెట్టడానికి ఏ ఉత్తర్వూ అక్కర్లేదు. హాజరు పట్టీలో ఆ పిల్ల మూడులోనే ఉంటుంది.