‘24 గంటల నొప్పి’ని గ్యాస్ అనుకోవద్దు

కడుపునొప్పి అనగానే చాలా ఇళ్లలో ముందుగా వినిపించే మాట ‘గ్యాస్’. కాస్త వాము నములుతారు, సోడా తాగుతారు. అజీర్ణమో మలబద్ధకమో అయితే చాలాసార్లు అంతటితో తగ్గిపోతుంది కూడా.

అయితే, వాడుకలో ‘24 గంటల నొప్పి’ అని పిలిచే అపెండిసైటిస్ తీరు వేరు. తరచుగా బొడ్డు చుట్టూ మొదలై, కొన్ని గంటల్లో పొత్తికడుపు కుడివైపునకు చేరుతుంది. ఆకలి మందగిస్తుంది; వాంతులు, స్వల్ప జ్వరం రావచ్చు. దగ్గినా, నడిచినా నొప్పి ఎక్కువవుతుంది. ఈ దశలో విరేచనాల మందు వాడటం ప్రమాదకరం. తీవ్రమైన నొప్పి ఉన్నట్టుండి తగ్గినా నిశ్చింతగా ఉండరాదు. అపెండిక్స్ పగిలినప్పుడు సైతం కొంతసేపు అలాగే అనిపించవచ్చు. ఆ తరువాత ఇన్ఫెక్షన్ కడుపంతా వ్యాపించి ప్రాణాల మీదికి తెస్తుంది.

పైకడుపులో నొప్పితోపాటు చెమటలు, ఆయాసం ఉంటే అది గుండెపోటు కావచ్చు. మధుమేహం ఉన్నవారు దీనిని అసలే ఉపేక్షించరాదు. నెలసరి తప్పిన స్త్రీకి పొత్తికడుపులో తీవ్రమైన నొప్పి వస్తే, గర్భం గర్భాశయం వెలుపల నిలిచిందేమో వెంటనే పరీక్షించాలి. పొట్ట గట్టిగా బిగుసుకున్నా, రక్తపు వాంతులైనా, మలం తారులా నల్లగా వచ్చినా తెల్లవారే దాకా ఆగకుండా 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయాలి. శస్త్రచికిత్స అవసరం కావచ్చు గనుక, వైద్యులు చూసేవరకు రోగికి ఏమీ తినిపించకపోవడం మేలు.