గోధుమపిండిలోని తేమయు, రెండు ప్రభుత్వముల చట్టములును

వర్షాకాలమున జాడీలోని ఉప్పు చెమ్మగిల్లుటయు, వేయించిన అప్పడము గంటలోపల మెత్తబడుటయు ఎల్లరు ఎరిగినదే. ఎండాకాలమున చింతపండు బిగిసి తూకము తగ్గుట వర్తకులకు తెలియని విషయము కాదు. గాలిలోని తేమకును, తిండి పదార్థములోని తేమకును నడుమ ఇచ్చిపుచ్చుకొనుట ఎల్లవేళల సాగుచునే యుండును. ఇంతటి చిన్న భౌతిక సత్యము అమెరికా దేశమున సుప్రీం కోర్టు వరకు పోయినది. ఆహార పదార్థముల లేబిళ్ళపై తుది అధికారము కేంద్రమునకా, రాష్ట్రములకా యను పెద్ద ప్రశ్న ఆ తేమతో ముడిపడియుండెను.

కాలిఫోర్నియా రాష్ట్రమున రివర్‌సైడ్ అను కౌంటీ కలదు. కౌంటీ యనగా ఇంచుమించు మన జిల్లా వంటిది. అచ్చటి తూనికలు కొలతల శాఖాధికారి అంగళ్ళలోని గోధుమపిండి సంచులను, పంది మాంసపు పొట్లములను తూయించి చూచెను. ఒక్కొక్క సంచి గాక, ఒక మొత్తములోని సంచుల సగటు బరువును లెక్కించెదరు. ఆ సగటు లేబిలుపై అచ్చువేసిన బరువుకంటె తక్కువగా ఉన్నచో ఆ సరుకును అమ్మకమునుండి తొలగింపవలెనని రాష్ట్ర చట్టము. సరుకు తొలగింపబడినది. మూడు పెద్ద పిండిమరల కంపెనీలును, రాత్ అను మాంసపు కంపెనీయు న్యాయస్థానముల కెక్కినవి.

తూకము తగ్గిన మాట నిజమే. తగ్గించినవారెవరు? ఇచ్చటనే విజ్ఞానశాస్త్రము ప్రవేశించుచున్నది.

గోధుమలను మరలో వేయుటకు ముందు నీటితో తడిపెదరు. తడిసిన గింజ పైపొర సాగుడు గుణమును పొంది, పొడి కాక, పెద్ద పెద్ద రేకులుగా ఊడివచ్చును. లోపలి తెల్లని భాగము మెత్తబడి సులువుగా నలుగును. తడపకయే మర పట్టినచో తవుడు చూర్ణమై పిండిలో కలిసి రంగును చెడగొట్టును. ఇట్లు చేర్చిన నీటిలో చాలభాగము మరలోనే పోవును గాని కొంత పిండిలో నిలుచును. పిండిలో తేమ నూటికి 15 పాళ్ళకు మించరాదని కేంద్రప్రభుత్వ ప్రమాణము. అనగా, పిండి యన్నది రెండు వస్తువుల కూడిక: ఒకటి ఎండు పదార్థము, రెండవది నీరు. మొదటిది మారదు. రెండవది నిలుకడ లేనిది. నిలువయుంచిన చోట గాలి సాపేక్ష ఆర్ద్రత నూటికి 60 కంటె హెచ్చుగా నున్నచో పిండి తేమను పీల్చుకొనును. తక్కువగా నున్నచో కోల్పోవును.

ఒక లెక్క వేసి చూడవచ్చును. 1000 గ్రాముల పిండిలో తేమ నూటికి 14 పాళ్ళు ఉన్నదనుకొందము. అప్పుడు ఎండు పదార్థము 860 గ్రాములు. ఈ సంచి పొడి ప్రాంతమునకు పోయి, కొన్నివారములు కొట్టులో నిలిచి, తేమ 11 పాళ్ళకు దిగినది. ఎండు పదార్థము 860 గ్రాములు అట్లే యున్నది. అది ఇప్పుడు మొత్తములో నూటికి 89 పాళ్ళు. కనుక సంచి బరువు 966 గ్రాములు. ముప్పదినాలుగు గ్రాములు పోయినవి. వాటిని ఎవ్వరును దొంగిలించలేదు, గాలి పట్టుకొని పోయినది. ఆ సంచితో రొట్టెలు చేయు ఇల్లాలు ముప్పదినాలుగు గ్రాముల నీరు ఎక్కువ పోసికొన్నచో ఆమెకు కలిగిన నష్టమేమియు లేదు. ఇదే సంచిని కోనసీమ వంటి చెమ్మ ప్రదేశమునకు పంపినచో తూకము పెరుగును. అనంతపురము వంటి పొడి ప్రదేశమునకు పంపినచో తగ్గును.

ఐనను రాష్ట్రాధికారి వాదము త్రోసివేయదగినది కాదు. కొనువాడు తూకమునకు వెల ఇచ్చుచున్నాడు. లేబిలుపై ఒక అంకె ఉన్నది. ఆ అంకె అంగడిలో నిజము కావలెను గాని మరయొద్ద నిజమైనచో చాలునా? కేంద్ర నిబంధన మంచి వ్యాపార పద్ధతిలో తేమ రాకపోకల వలన కలుగు ‘సమంజసమైన’ తేడాను అనుమతించుచున్నది. కాని ఎన్ని పాళ్ళు సమంజసమో అంకెలలో చెప్పలేదు. అంకె లేని మినహాయింపు నిజాయితీగల వర్తకునికి ఎట్లు ఉపయోగపడునో, తడిపిండి నింపువానికిని అట్లే ఉపయోగపడగలదు. పత్తిబస్తాపై నీళ్ళు చల్లి తూచు వ్యాపారిని చూచిన రైతులకు ఈ అనుమానము కొత్తది కాదు.

1977 మార్చిలో సుప్రీం కోర్టు కంపెనీల పక్షమున తీర్పు చెప్పెను. తీర్పును వ్రాసినవాడు న్యాయమూర్తి థర్గుడ్ మార్షల్. మాంసము విషయము సులువుగనే తేలినది. కేంద్ర మాంస పరీక్షా చట్టమునకు భిన్నముగా గాని, అదనముగా గాని రాష్ట్రములు లేబిలు నియమములు పెట్టరాదని ఆ చట్టములోనే స్పష్టముగా వ్రాసియున్నది. పిండి విషయము చిక్కైనది. రెండు చట్టములను ఒకేసారి పాటించుట అసాధ్యము కాదు. ప్రతి సంచిలోను కొంత హెచ్చుగా నింపినచో రెండును చెల్లును. కాని కేంద్రము లేబిలు చట్టమును చేసిన ఉద్దేశము కొనువారు ఒక సంచిని మరియొక సంచితో పోల్చి వెల చూచుకొనుట. కాలిఫోర్నియాకు సరుకు పంపువారు హెచ్చుగా నింపి, ఇతరులు నింపకున్నచో, ఒకే బరువు అచ్చువేసిన రెండు సంచులలో ఎండు పదార్థము వేర్వేరుగా నుండును. అప్పుడు పోలికయే చెడును. ఆ కారణముచేత రాష్ట్ర నియమము చెల్లదని కోర్టు తేల్చినది. పిండి విషయమున ఇద్దరు న్యాయమూర్తులు ఒప్పుకొనలేదు.

ఈ అధికారమునకు మూలము అమెరికా రాజ్యాంగములోని ఆరవ అధికరణము. కేంద్ర శాసనమును రాష్ట్ర శాసనమును విరుద్ధమైనచో కేంద్రమునదే పైచేయి. ఐతే కేంద్రము ఆహార విషయమున చట్టము చేయుటకు ఆధారము రాష్ట్రముల నడుమ సాగు వాణిజ్యముపై దానికి గల అధికారమే. ప్రజల ఆరోగ్యమును కాపాడు పని మొదటినుండియు రాష్ట్రములది. పందొమ్మిదవ శతాబ్దియంతయు ఆహారపు కల్తీపై ఏ రాష్ట్రము చట్టము ఆ రాష్ట్రమునదే. వాటిలో కొన్ని విచిత్రమైనవి. వెన్నకు బదులుగా వచ్చిన మార్గరిన్‌ను పసుపు రంగులో అమ్మి ప్రజలను మోసగించుచున్నారని పాడిరైతులు మొరపెట్టగా, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రము మార్గరిన్‌కు గులాబిరంగు వేసి తీరవలెనని శాసించెను. గులాబిరంగు వెన్నను రొట్టెకు పూసికొని తినువారెవరు? 1898లో సుప్రీం కోర్టు దానిని కొట్టివేసెను. విస్కాన్సిన్ రాష్ట్రమున మాత్రము పసుపు మార్గరిన్‌పై నిషేధము 1967 వరకు నిలిచినది. అది పాల రాష్ట్రమని వేరుగ చెప్పనక్కరలేదు.

కేంద్రము గట్టిగా రంగమున దిగినది 1906లో. దానికి చాలవరకు కారకుడు వ్యవసాయ శాఖలో ముఖ్య రసాయనజ్ఞుడైన హార్వే వైలీ. అతడు 1902లో పన్నెండుగురు యువకులను చేరదీసి, వారికి భోజనమిడుచు, ఆ భోజనములో బోరాక్సు, సాలిసిలిక్ ఆమ్లము, ఫార్మాల్డిహైడ్ మొదలగు నిలువయుంచు మందులను కొలతప్రకారము కలిపి, వారి బరువును, మలమూత్రములను పరీక్షించుచు వచ్చెను. ఈ యువకులకు పత్రికలవారు ‘విషదళము’ అని పేరు పెట్టిరి. ఈనాడు అట్టి పరీక్షను ఎవ్వరును అంగీకరింపరు. 1906 జూన్ 30న అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు శుద్ధాహార చట్టముపైనను, మాంస పరీక్షా చట్టముపైనను సంతకము చేసెను. ఏడేండ్లకే రాష్ట్రములతో తగవు వచ్చినది. మొక్కజొన్న పిండినుండి తీసిన పాకమును ‘కార్న్ సిరప్’ అని అమ్మవచ్చునని కేంద్రము, ‘గ్లూకోజ్’ అనియే వ్రాయవలెనని, మరియొక లేబిలు ఉండరాదని విస్కాన్సిన్. 1913లో కేంద్రము గెలిచెను.

కేంద్రమే ఎల్లప్పుడును గెలుచునని మాత్రము తలపరాదు. ఆవకాడో పండ్ల వ్యవహారము అందుకు నిదర్శనము. ఈ పండు చెట్టుననే పండదు. కోసిన పిమ్మటనే మెత్తబడును. లేతగా కోసినచో ముడుతలు పడి, రబ్బరువలె సాగి తినుటకు పనికిరాదు. పైకి చూచి ముదురో లేతో చెప్పుట కష్టము. ముదిరినకొలది గుజ్జులో నూనె పెరుగును గనుక, తొక్కయు టెంకయు మినహా నూటికి 8 పాళ్ళ నూనె లేనిదే అమ్మరాదని కాలిఫోర్నియా 1925లో చట్టము చేసెను. గుజ్జును ఒక ద్రావకముతో నూరి నూనెను దిగదీసి, ఆ ద్రవము వక్రీభవన గుణకమును కొలిచి నూనె పాలును కట్టెడివారు.

కాని ఫ్లోరిడాలో పెరుగు జాతులు వేరు. వాటిలో కొన్ని బాగుగా ముదిరినను 8 పాళ్ళ నూనె పట్టవు. కేంద్ర వ్యవసాయ శాఖ ఫ్లోరిడా పండ్లకు ముదురును నూనెతో గాక, కోత తేదీ, పరిమాణము, బరువులతో నిర్ణయించినది. కేంద్రము ముదురన్న పండును కాలిఫోర్నియా లేతయనుచున్నది. 1963లో సుప్రీం కోర్టు అయిదుగురికి నలుగురు చొప్పున చీలి, రాష్ట్ర చట్టము కేంద్ర నియమములకు లొంగిపోదని తీర్పు చెప్పెను. పండును చెట్టున మరికొన్ని దినములుంచినచో నూనె పెరుగును. కనుక రెండింటిని పాటించుట సాధ్యమే అన్నది వాదము. పిండికి ఒక న్యాయము, పండుకు ఒక న్యాయమా యని అడుగువారు ఉండవచ్చును. పిండి చట్టమునకు దేశమంతట ఒకే పోలిక ఉద్దేశము; పండు నియమము పెంపకందారులు తమలో తాము ఏర్పరచుకొన్న కనీసపు కొలత. తేడా అందున్నది. శాస్త్రము దృష్ట్యా ఓడినది నూనె కొలతయే. తరువాతి కాలమున ఆ రాష్ట్రమే నూనెను విడిచి, పండులోని ఎండు పదార్థపు పాలును కొలుచు పద్ధతికి మారినది.

మన రాజ్యాంగము ఈ చిక్కును కొంత ముందుగనే సర్దినది. ఆహార కల్తీ ఉమ్మడి జాబితాలో 18వ అంశము. ఆంధ్ర జిల్లాలకు వర్తించిన 1918 నాటి మద్రాసు చట్టము వంటి రాష్ట్రీయ చట్టముల స్థానమున 1954 నాటి కేంద్ర చట్టమును, దాని స్థానమున 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణముల చట్టమును వచ్చినవి. ప్రమాణములను ఏర్పరచునది కేంద్ర సంస్థ. నమూనాలు తీసి తనిఖీ చేయు యంత్రాంగము చాలవరకు రాష్ట్రములది. రాష్ట్ర ఆహార భద్రతా కమిషనరు ప్రజారోగ్యము కొరకు ఒక పదార్థమును సంవత్సరము మించకుండ నిషేధింపగలడు. 2024 అక్టోబరు 30న తెలంగాణలో పచ్చి గ్రుడ్లతో చేయు మయొనైజ్‌పై వచ్చిన సంవత్సరపు నిషేధము ఇట్టిదే.

అమెరికాలో 1990 నాటి చట్టము పోషక విలువల పట్టికను దేశమంతట ఒకే తీరున చేసి, రాష్ట్రములు వేరు పట్టిక పెట్టకుండ అడ్డుకొనెను. ఐనను అపాయమును గూర్చిన హెచ్చరికలను ఆ అడ్డునుండి మినహాయించినది. జన్యు మార్పు చేసిన పంటల సంగతి తెలుపవలెనని వెర్మాంట్ అను చిన్న రాష్ట్రము 2014లో చట్టము చేయగా, అది 2016 జూలై 1న అమలునకు వచ్చెను. అదే జూలై 29న కేంద్రము దేశమంతటికి వేరొక చట్టము చేసి దానిని తుడిచివేసెను. అయినను వెర్మాంట్ ఓడినదనుట పూర్తిగా సరి కాదు. ఆ రాష్ట్రమే లేకున్నచో కేంద్ర చట్టము అప్పుడు వచ్చెడిదా యనునది సందేహమే.

ఒక పదార్థమును ఆహారములో వాడరాదని రాష్ట్రములు నిషేధించుట వేరు సంగతి. నిమ్మజాతి పానీయములలో పండునూనె పైకి తేలకుండ బ్రోమిన్ చేర్చిన నూనెను కలిపెడివారు. పండునూనె పాకముకంటె తేలిక. బ్రోమిన్ చేరిన నూనె బరువు. రెండును తగుపాళ్ళలో కలిసినచో మిశ్రమపు సాంద్రత పాకముతో సమమై, నూనె బిందువులు ద్రవమంతట నిలుచును. చక్కని ఉపాయమే. కాని బ్రోమిన్ శరీరపు కొవ్వులో చేరును. ఎలుకలలో థైరాయిడ్ గ్రంథిపై దాని ప్రభావము కనబడినది. కేంద్రము 1970లో దీనిని నిరపాయకరములైన వస్తువుల పట్టికనుండి తీసివేసి, పదిలక్షలకు 15 పాళ్ళ మేర ‘తాత్కాలికముగా’ అనుమతించెను. ఈ తాత్కాలికము యాబదియేండ్లు దాటినది. 2023 అక్టోబరులో కాలిఫోర్నియా దీనిని, మరి మూడింటిని ఆహారములో నిషేధించుచు చట్టము చేసెను. మరుసటి సంవత్సరమే, 2024 జూలైలో, కేంద్ర ఆహార ఔషధ సంస్థ తన అనుమతిని రద్దుచేసినది.

ఆ మూడింటిలో ఒకటి ఎరిత్రోసిన్ అను ఎర్రరంగు. అయొడిన్ గల ఈ రంగు పెద్ద మోతాదులలో మగ ఎలుకల థైరాయిడ్ గ్రంథిలో కంతులు కలిగించినది. ఎలుకలలో జరుగు ఆ ప్రక్రియ మనుష్యులలో జరుగదని కేంద్ర సంస్థయే చెప్పుచున్నది. కాని జంతువులలోనైనను కాన్సరు కలిగించు రంగును, మోతాదెంతయైనను సరే, అనుమతింపరాదని 1960 నాటి కేంద్ర చట్టము. ఆ చట్టమును బట్టి 1990లో పెదవులకు పూయు రంగులలోను, పైపూత మందులలోను దానిని నిషేధించిరి. తినుబండారములలో మాత్రము ఉండనిచ్చిరి. పెదవికి పూయరానిది నాలుకపై వేయవచ్చునా యను ప్రశ్నకు సమాధానము ముప్పదియైదేండ్లు రాలేదు. 2025 జనవరి 15న కేంద్రము ఆహారములోను దానిని రద్దుచేసి, ఉత్పత్తిదారులకు 2027 జనవరి 15 వరకు గడువిచ్చెను. కాలిఫోర్నియా నిషేధమునకు నిర్ణయింపబడిన దినము అదే సంవత్సరము జనవరి 1. రెండు ప్రభుత్వముల గడువుల నడుమ పదునాలుగు దినములు.