తాటిచెట్టు మోకు – దాని అరుగుదల, విరమణ

వేసవి వచ్చినంతనే గంపలగూడెము పరిసరములందలి పొలముగట్ల తాటిచెట్లపై మనుష్యులు కనబడసాగుదురు. కల్లు గీయువారు, ముంజెలు దింపువారు, పాకలకు ఆకు కొట్టువారు, వీరందరి ప్రాణమును ఒక్క మోకుపై వ్రేలాడుచుండును. ఎరువులను గూర్చియు విత్తనములను గూర్చియు ఎంతయో వ్రాసితిమి గాని, మన గట్టుమీది చెట్టు నెక్కువాని మోకును గూర్చి యింతవరకు ఒక్క ముక్కయు వ్రాయమైతిమి. ఇప్పుడు వ్రాయుటకు కారణము మా తప్పిదమే.

కొన్ని సంవత్సరముల క్రిందట, కట్టలేటి వైపున ఒక రైతు తన చెట్లు తల వాల్చుచున్నవని చెప్పగా, మొవ్వుకుళ్లు తెగులేమోయని చూడబోతిమి. ఆ తెగులు మొదట మొవ్వులో పుట్టును గాన క్రిందినుండి తేలదు. దారిన పోవుచున్న ఒక గీతపెద్దను ఎక్కి చూడుమని కోరితిమి. అతని మోకు ఇంటివద్ద నుండెను. మాకు తొందర. రైతు కొట్టములోనుండి ఒక పాతమోకును తెచ్చియిచ్చెను. పెద్ద దానిని అటునిటు త్రిప్పి, "ఇది ఎన్నాళ్లదో నాకు తెలీదండి" అనెను. "చూచుటకు గట్టిగానే యున్నది గదా" అంటిమి. రెండు నిలువుల యెత్తున అది తెగినది. అతడు మ్రానును కౌగిలించుకొని జారెను. ప్రాణము దక్కినది గాని రొమ్మును చేతులును చెక్కుకొనిపోయి, గీత ముమ్మరముగా నుండు దినములలో నెల్లాళ్లు ఇంట కూర్చుండవలసి వచ్చెను. మమ్ము పల్లెత్తు మాట అనలేదు. ఆ మోకును విప్పి చూడగా పైపురులు నున్నగా నుండెను. లోపలి నార వ్రేళ్లతో నలుపగనే పొడియైనది.

మోకు పనిచేయు తీరును గమనింపుడు. అది చెట్టును చుట్టి వచ్చి ఎక్కువాని వీపును గాని నడుమును గాని పట్టియుండును. అతడు వెనుకకు వాలి, కాళ్లబంధముతో మ్రానును అదిమి, మోకును పైకెగవేయుచు పోవును. తలకు చేరిన తరువాత గెల గీయుటకు రెండు చేతులును కావలెను. అప్పుడు మోకే అతనికి ఆధారము. తాటిమ్రాను గరుకుదనము మీ రెరుగనిది కాదు. అందువలన మోకు మిక్కిలి యరుగునది చెట్టునకు ఆవలితట్టున రాసుకొను జానెడు భాగము. చిత్రమేమన, పైనున్నంతసేపును ఎక్కువానికి కనబడని భాగమును అదియే. ఆ పైన వాడియైన గీతకత్తి ఎల్లప్పుడు మోకు ప్రక్కనే తిరుగుచుండును. ఒక్క గాటు పడినను ఆ మోకు పని తీరినట్లే.

నారమోకునకు తడి శత్రువు. తడిసినదానిని చుట్టి మూల పడవైచినచో లోపలినుండి కుళ్లును. బూజువాసన దానికి మొదటి గురుతు. ఇసుకరేణువులు పురులలో దూరి కదలినప్పుడెల్ల నారను కోయుచుండును. కావున పురిని కొంచెము వదులుచేసి లోపల చూడవలెను. పొడి రాలినను నార తునిగియున్నను ఇక దానితో ఎక్కరాదు. తోలుమోకు ఎండకు బిరుసెక్కి పగులును. వంచినపుడు నెరియలు కనబడును. ముడి వేసినచోట, ముడి విధమునుబట్టి, నాలుగవవంతు మొదలు సగమువరకు బలము తగ్గును. తెగినదానిని ముడివేసి యెక్కువారిని చూచినపుడెల్ల మాకు గుండె జల్లుమనును.

సంతలో దొరకు రంగుల ప్లాస్టిక్ త్రాడు సంగతి వేరుగ చెప్పవలెను. పాలీప్రొపిలీనుతో చేసిన యీ త్రాడు కుళ్లదు. అది చూచి చెడదని యెంచుట పొరపాటు. ఎండ దానిని పెళుసుగా చేయును. మీద వ్రేలు రాచిన నూగు రాలును. సుమారు 165 సెంటిగ్రేడు డిగ్రీలకే కరగును గాన, జారునప్పటి ఒరపిడి వేడి కూడ దానికి హానికరము. పశువులను కట్టుటకు అది చాలును. ముంజెలకై పిల్లలు ఆ పలుపుత్రాటితోనే చెట్టెక్కుచుండ మనము చూచుచు నూరకుండుట తగదు.

కొండలెక్కువారికి ఈ పాఠము పెద్ద వెలకు వచ్చినది. 1865 జూలై 14న ఎడ్వర్డ్ వింపర్ మొదలగు ఏడుగురు ఆల్ప్స్ పర్వతములలోని మాటర్‌హార్న్ శిఖరమును ప్రప్రథమముగా ఎక్కిరి. దిగునపుడు ఒకడు జారి తక్కినవారిని లాగగా, నడుమ త్రాడు తెగి నలుగురు మరణించిరి. బలమైన త్రాళ్లు తమవద్ద నుండగనే వా రచ్చట కట్టినది పాతదియు బలహీనమైనదియు నగు త్రాడు. ఆ తునక జెర్మాట్‌లోని మ్యూజియమున నేటికిని కలదు. నేడు కొండత్రాళ్లు చేయువారు చెప్పు నియమము సామాన్యముగా ఇది: ఒక్కమారైన వాడకున్నను 10 సంవత్సరములు దాటిన త్రాడును తీసివేయవలెను; దాదాపు ప్రతిదినము వాడునది ఒక సంవత్సరమునకు మించి నిలువదు; పెద్ద పడిపాటును ఆపినదానిని, పైకి ఎట్లున్నను, వెంటనే మానవలెను. దినమునకు రెండు మూడు మారులు చెట్లెక్కు గీతపనివానికి ఈ నియమములో ఏ భాగము వర్తించునో వేరుగ చెప్పనక్కరలేదు.

మన పొలిమేర కావల తెలంగాణమున ప్రభుత్వము 2024 జూలై 14న లష్కర్‌గూడలో గీతపనివారికి "కాటమయ్య రక్ష" యను పేర రక్షణసామగ్రి పంచుట ప్రారంభించెను. మంచి పనియే. అయినను ఆ త్రాళ్లును అరుగునవే గదా! ఇచ్చిన తేదీ గురుతుండనిచో కొన్నియేండ్లకు అవియు మన కొట్టములలోని పాతమోకులై కూర్చుండును.

కాన, సంఘసభ్యులకు మా విన్నపము. మోకు కొన్న నెలయు సంవత్సరమును ఒక గుడ్డపేలికపై వ్రాసి దానికే కుట్టుడు. గీత కాలము ఆరంభమునకు ముందొకసారి, నడుమ నొకసారి పగటివెలుతురులో మూరమూరయు తడిమి చూడుడు. సందేహము కలిగినపుడు ఎక్కువాని మాటయే చెల్లవలెను. చెట్టు గలవాని తొందర చెల్లరాదు. మానిన మోకును కొట్టములో వ్రేలాడదీయవలదు, ఇంకొకనికి ఇయ్యవలదు. మూరెడేసి ముక్కలుగా నరికినచో పశువుల గాటిలో గుంజకు చుట్టుటకు పనికివచ్చును. కట్టలేటి వైపు రైతు ఆనాటి మోకును మా యెదుటనే అట్లు నరికెను. గొడ్డలి మాత్రము గీతపెద్దయే తెచ్చియిచ్చెను.