ఆధునిక వ్యాపారంలో సేకరణ: వ్యూహాత్మక పాత్ర

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• కొనుగోలుకూ సేకరణకూ మధ్య గల తేడాను వివరించగలుగుతారు.
• సేకరణ ఖర్చు లాభంపై చూపే ప్రభావాన్ని లెక్కకట్టగలుగుతారు.
• సరుకులను క్రాల్జిక్ పద్ధతిలో వర్గీకరించగలుగుతారు.
• సరఫరాదారులతో మంచి సంబంధాల అవసరాన్ని గుర్తించగలుగుతారు.

1. పరిచయం

వేసవి వచ్చిందంటే బనగానపల్లె పేరు దేశమంతటా వినిపిస్తుంది. ఈ ఊరి పేరు పెట్టుకున్న మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. అయితే పేరున్న కాయ అయినంత మాత్రాన వ్యాపారికి లాభం రాదు. ఏ తోట కాయ కొనాలి, ఎంత పక్వానికి కోయించాలి, ఎలా రవాణా చేయాలి, రైతుకు డబ్బు ఎప్పుడు చెల్లించాలి అనే నిర్ణయాలే అతని లాభనష్టాలను చాలావరకు ముందుగా తేల్చివేస్తాయి. ఈ నిర్ణయాలన్నింటినీ కలిపి సేకరణ అంటాం.

2. కొనుగోలు, సేకరణ

ధర అడగడం, ఆర్డరు ఇవ్వడం, సరుకు దించుకోవడం, బిల్లు చెల్లించడం - ఇవి కొనుగోలు పనులు. సేకరణ ఇంతకంటె విస్తృతమైనది. అవసరాన్ని అంచనా వేయడంతో మొదలై సరఫరాదారుల ఎంపిక, ఒప్పందం, నాణ్యత తనిఖీ, నష్టభయ నిర్వహణ వరకు అన్నీ ఇందులో భాగాలే.

1983లో పీటర్ క్రాల్జిక్ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసంలో, కొనుగోలు శాఖ సరఫరా నిర్వహణ శాఖగా మారాలని వాదించాడు. 1985లో మైకేల్ పోర్టర్ తన విలువ గొలుసు భావనలో సేకరణను సంస్థలోని అన్ని కార్యకలాపాలకూ తోడ్పడే పనిగా చూపాడు. గుమాస్తా పనిగా భావించిన కొనుగోలు ఈ విధంగా వ్యూహ స్థాయికి చేరింది.

3. లాభంపై ప్రభావం

ఒక సంస్థ అమ్మకాలు 100 రూపాయలు అనుకుందాం. అందులో కొనుగోళ్ళకు 60, ఇతర ఖర్చులకు 30 పోగా లాభం 10. కొనుగోలు ఖర్చును 5 శాతం తగ్గిస్తే 3 రూపాయలు మిగులుతాయి. లాభం 13 అవుతుంది. అంటే 30 శాతం పెరుగుదల. ఖర్చులన్నీ అమ్మకాలతోపాటు అదే నిష్పత్తిలో పెరుగుతాయనుకుంటే, ఇదే లాభం కోసం అమ్మకాలను 130 రూపాయలకు పెంచాలి. పోటీ ఉన్న మార్కెట్టులో అది సులభం కాదు.

4. చవక ధర, మొత్తం ఖర్చు

పై లెక్క చూసి ధర తగ్గించడమే సేకరణ అనుకోకూడదు. ఈ ఊహాత్మక ఉదాహరణను పరిశీలించండి. మొదటి తోటలో కిలో 40 రూపాయలు. 100 కిలోలు కొంటే అమ్మకానికి పనికివచ్చేవి 75 కిలోలు. రెండో తోటలో కిలో 46 రూపాయలు. పనికివచ్చేవి 92 కిలోలు. మిగిలిన కాయకు విలువ లేదనుకుంటే, మంచి కాయ కిలోకు మొదటి తోటలో 53.33 రూపాయలు, రెండో తోటలో 50 రూపాయలు పడుతుంది. చవకగా కనిపించిందే ఖరీదైనది.

లెక్కకు అందని నష్టాలు కూడా ఉన్నాయి. పండుఈగ కనిపించిన కారణంగా యూరోపియన్ యూనియన్ 2014 మేలో భారతదేశపు మామిడి దిగుమతిని నిషేధించింది. 2015లో ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. లోపం తోట దగ్గర మొదలైనా, దెబ్బ మొత్తం దేశ ఎగుమతిదారులకు తగిలింది. అలాగే, ముందుగా మార్కెట్టుకు చేరాలని పక్వానికి రాని కాయ కోయిస్తే, కార్బైడుతో మాగబెట్టాలనే ఆశ పుడుతుంది. కార్బైడు వాడకాన్ని ఆహార భద్రత నిబంధనలు నిషేధించాయి. నిర్ణీత పరిమితిలో ఎథిలీన్ వాయువును అనుమతించాయి.

5. క్రాల్జిక్ వర్గీకరణ

క్రాల్జిక్ ప్రతి సరుకు గురించీ రెండు ప్రశ్నలు వేయమన్నాడు: లాభంపై దీని ప్రభావం ఎంత? ఇది దొరకడం ఎంత కష్టం? బనగానపల్లె, కొలిమిగుండ్ల ప్రాంతంలోని సున్నపురాయి నిక్షేపాల వల్ల అక్కడ సిమెంటు పరిశ్రమ పెరిగింది. ఒక సిమెంటు కర్మాగారాన్ని తీసుకుంటే:

• వ్యూహాత్మక సరుకులు: బొగ్గు వంటి ఇంధనం. ఖర్చు ఎక్కువ, దూరం నుంచి రావాలి. దీర్ఘకాలిక ఒప్పందాలు, ప్రత్యామ్నాయ ఇంధనాలు అవసరం.
• బేరశక్తి గల సరుకులు: సిమెంటు సంచులు. ఖర్చు ఎక్కువే, కాని అమ్మేవారు చాలామంది. పోటీ టెండర్లు పనికివస్తాయి.
• అడ్డంకి సరుకులు: కిల్న్‌కు కావలసిన ప్రత్యేక విడిభాగం. ఖరీదు తక్కువైనా, అది లేకపోతే ఉత్పత్తి ఆగిపోతుంది. ముందే నిల్వ ఉంచుకోవాలి.
• సాధారణ సరుకులు: కాగితాలు, కలాలు. వీటిపై కాలం వెచ్చించకుండా సులభ పద్ధతిలో కొనాలి.

ఒక టన్ను క్లింకరుకు దాదాపు ఒకటిన్నర టన్నుల సున్నపురాయి కావాలి. అంత బరువును దూరం నుంచి మోయడం గిట్టదు కనుక కర్మాగారాలు గనుల దగ్గరే వెలుస్తాయి. కర్మాగారం ఎక్కడ పెట్టాలనేది కూడా ఒక సేకరణ నిర్ణయమే.

6. సరఫరాదారులతో సంబంధం

తోటను పూత మీదనో పిందె మీదనో గుత్తకు తీసుకోవడం మన ప్రాంతాలలో పాత పద్ధతి. గాలివానకు కాయ రాలితే నష్టం గుత్తదారుది. ధర పెరిగితే లాభమూ అతనిదే. రైతుకు ముందుగా కొంత సొమ్ము అందుతుంది. నష్టభయాన్ని ఎవరు మోయాలో తేల్చే ఒప్పందమే ఇది. బలవంతుడు భారమంతా బలహీనుడిపైకి నెట్టినప్పుడు అటువంటి సరఫరా ఎక్కువకాలం నిలవదు.

చెల్లింపుల విషయమూ అంతే. నాపరాళ్ళకు పాలిషు పట్టే చిన్న యూనిట్‌కు బిల్లు సొమ్ము ఆరు నెలలు ఆలస్యమైతే కూలి చెల్లించడమే కష్టం. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు ఒప్పందంలోని గడువులోగా చెల్లించాలి. ఆ గడువు 45 రోజులు మించకూడదు. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ ఇవ్వాలి. అయితే చట్టానికి భయపడి కాక, సరఫరాదారు నిలబడితేనే తాను నిలబడతానని తెలిసి సకాలంలో చెల్లించేవాడే మంచి సేకరణ నిర్వాహకుడు. సరుకు కరువైన ఏడాది సరఫరాదారు ముందుగా తలచుకునేది అతన్నే.

7. సారాంశం

సేకరణ అంటే తక్కువ ధరకు కొనడం మాత్రమే కాదు. సరైన సరుకును, సరైన నాణ్యతతో, సరైన సమయానికి, మొత్తం ఖర్చును గమనిస్తూ, సరఫరాదారు దెబ్బతినకుండా సమకూర్చుకోవడం. లాభం, పేరు, వ్యాపార కొనసాగింపు - మూడూ దీనిపై ఆధారపడి ఉంటాయి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. కొనుగోలుకూ సేకరణకూ గల తేడాలను వివరించండి.
2. అమ్మకాలు 200, కొనుగోళ్ళు 140, ఇతర ఖర్చులు 40 రూపాయలు. కొనుగోలు ఖర్చు 5 శాతం తగ్గితే లాభం ఎంత శాతం పెరుగుతుంది? (జవాబు: 35 శాతం)
3. మీ ఊరిలోని ఒక హోటలును గాని కిరాణా దుకాణాన్ని గాని ఎంచుకొని, అది కొనే సరుకులను క్రాల్జిక్ పద్ధతిలో వర్గీకరించండి.