గ్రాండ్ కాన్యన్‌కు ఆర్‌వీ ప్రయాణం: ఎత్తు, ఎండ, నీరే అసలు లెక్కలు

అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌ను చూసేందుకు వెళ్లే పర్యాటకుల్లో పలువురు పడక, వంటగది, స్నానపు గది ఉన్న ఆర్‌వీ వాహనాన్ని అద్దెకు తీసుకుని ఎడారి మీదుగా ప్రయాణిస్తారు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు, పిల్లలను చూసేందుకు ఇక్కడి నుంచి వెళ్లిన తల్లిదండ్రులు కూడా వారిలో ఉంటారు. ఇల్లే వెంట వస్తున్నప్పటికీ అందులోని నీరు, విద్యుత్తు పరిమితమే.

మార్గం ఎలా ఉంటుంది?

లాస్ వేగస్ నుంచి కింగ్‌మన్, విలియమ్స్ పట్టణాల మీదుగా లోయ దక్షిణ అంచుకు సుమారు 450 కిలోమీటర్లు. లాస్ వేగస్ సముద్రమట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తున ఉండగా, దక్షిణ అంచు సుమారు 2,100 మీటర్ల ఎత్తున ఉంది. మండుటెండలో బరువైన వాహనం ఇంత ఎత్తుకు ఎక్కడం ఇంజిన్‌కు పరీక్షే. వేడి పెరుగుతున్నట్లు సూచీ చూపితే ఏసీ ఆపి, వేగం తగ్గించి, సురక్షితమైన చోట నిలపాలి. రేడియేటర్ చల్లారకముందే మూత తీయరాదు. గాలి తగ్గిన టైరు త్వరగా వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది. కాబట్టి బయలుదేరే ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి సరిచూసుకోవాలి.

బస ఎక్కడ?

దక్షిణ అంచున ఉన్న ట్రైలర్ విలేజ్‌లో వాహనానికి నీరు, విద్యుత్తు, మురుగునీటి గొట్టాల సౌకర్యం ఉంది. సమీపంలోని మేథర్ శిబిర స్థలంలో అవి ఉండవు. 30 అడుగులు దాటిన వాహనాలను అక్కడ అనుమతించరు. అందుకే అద్దెకు తీసుకునే ముందే వాహనం పొడవు చూసుకోవాలి. దక్షిణ అంచుకు నీరు ఉత్తరం వైపు ఊట నుంచి 1960లలో వేసిన పైపులైను ద్వారా వస్తోంది. అది తరచూ పగులుతుంటుంది. 2024 ఆగస్టులో ఇలాగే పగలడంతో దక్షిణ అంచున హోటళ్లలో రాత్రి బసను తాత్కాలికంగా నిలిపివేశారు.

లోయలోకి దిగితే?

కొలరాడో నది కోసిన ఈ లోయ పొడవు 446 కిలోమీటర్లు, లోతు సుమారు 1.6 కిలోమీటర్లు. పెన్నా నది మలిచిన గండికోట లోయను 'భారత గ్రాండ్ కాన్యన్' అనడం తెలుగువారికి పరిచితమే. కొండ ఎక్కేవారు అలసిపోతే వెనుదిరిగి దిగిపోవచ్చు. ఇక్కడ దిగడమే ముందు. అలసిన తర్వాతే ఎక్కాలి. పైగా దిగేకొద్దీ వేడి పెరుగుతుంది. వేసవిలో అంచున చల్లగాలి వీస్తున్నా, అడుగున నీడలోనే ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది.

అందువల్ల వేసవిలో ఉదయం 10 నుంచి సాయంత్రం 4 గంటల మధ్య లోయ లోపల నడవవద్దని, ఒకే రోజులో నది వరకు వెళ్లి తిరిగి రావాలని ప్రయత్నించవద్దని పార్కు అధికారులు సూచిస్తారు. ఉప్పున్న ఆహారం తినకుండా నీళ్లే అతిగా తాగినా రక్తంలో సోడియం తగ్గి ప్రాణాపాయం కలగవచ్చు. అంచున ఉన్న ఎత్తు సైతం గుండె, శ్వాసకోశ వ్యాధులున్న వృద్ధులకు ఇబ్బంది కలిగించవచ్చు. వారు ముందుగా వైద్యుడిని సంప్రదించడం మేలు. వాహనాన్ని శిబిరంలోనే నిలిపి, పార్కు ఉచిత బస్సుల్లో తిరిగితే లోయలోకి దిగకుండానే ప్రధాన దర్శన స్థలాలను చూడవచ్చు.